సర్వీసు దరఖాస్తు మీద సంతకం ఎవరు చేస్తారు?

సంపాదకులకు నమస్కారం.

గుంటూరుకు బస్సులో అరగంట దూరంలో ఉన్న మా ఊళ్లో ప్రాథమికోన్నత పాఠశాలకు కొత్త భవనం పూర్తయింది. ఎనిమిది తరగతి గదులు, ప్రధానోపాధ్యాయురాలికి ఒక గది, ఉపాధ్యాయులకు ఒకటి, వంటగది, ఆడపిల్లలకూ మగపిల్లలకూ విడివిడిగా మరుగుదొడ్లు, డాబా మీద రెండు ట్యాంకులు, ఆవరణలో సంపు కట్టారు. గోడలకు రంగులు వేశారు, గదుల్లో ఫ్యాన్లు బిగించారు. కాని ఆ భవనానికి ఇప్పటికీ కరెంటు సర్వీసు లేదు. తాగే నీళ్ల పైపు రాలేదు. వాడిన నీళ్లు బయటికి పోయే దారి లేదు. ఈ మూడింటికీ అయ్యే ఖర్చు ఎవరు పెట్టాలన్న దాని మీద మా పంచాయతీకీ విద్యాశాఖకూ మాట కుదరడం లేదు. రెండు వందల పది మంది పిల్లలు ఆ గదుల్లోనే కూర్చుని చదువుకుంటున్నారు.

నేను ఎలక్ట్రీషియన్‌ను. ఆ భవనంలో వైరింగ్ చేసినవాళ్లలో నేనూ ఉన్నాను. మా అమ్మాయి అక్కడే ఏడో తరగతి చదువుతోంది. తల్లిదండ్రుల తరఫున పాఠశాల యాజమాన్య కమిటీలో సభ్యుణ్ణి కూడా. అందువల్ల ఈ తగాదాను రెండు వైపుల నుంచీ దగ్గరగా చూశాను. ఊరి పేరు, అధికారుల పేర్లు రాయడం లేదు. వాళ్లలో చెడ్డవాళ్లు ఎవరూ లేరు, ఎవరినీ పత్రికకెక్కించి పరువు తీయాలని నాకు లేదు. పిల్లల నెత్తిన ఫ్యాను తిరగాలి, కుళాయి రావాలి, మరుగుదొడ్డి తలుపు తెరుచుకోవాలి. అందుకోసమే రాస్తున్నాను.

పాత బడి ఊరి మధ్యలో ఉంది. అక్కడ కరెంటు ఉంది, పంచాయతీ కుళాయి ఉంది. రెండు గదుల్లో స్లాబు పెచ్చులు ఊడిపడుతుంటే పిల్లలను అక్కడ కూర్చోబెట్టడం ప్రమాదమని ఇంజినీర్లు తేల్చారు. ఊరి మధ్యలో మరో స్థలం దొరకలేదు. చెరువు దాటాక ఊరి చివర ప్రభుత్వ స్థలం ఉంటే అక్కడ కొత్తది కట్టారు. స్థలం మంచిదే, పిల్లలు ఆడుకోవడానికి చోటు బాగా ఉంది. కాని ఊరి కరెంటు లైను, నీళ్ల పైపు చెరువు గట్టుకు ఇవతలే ఆగిపోయాయి. కట్టేటప్పుడు ఆ లోటు బయటపడలేదు. కాంట్రాక్టరు జనరేటరు తెచ్చుకున్నాడు. గోడలు తడపడానికి పక్క రైతు బోరు నీళ్లు కొనుక్కున్నాడు. నేను స్విచ్చులన్నీ పరీక్షించింది కూడా ఆ జనరేటరు మీదే. పని ముగిశాక అది వెళ్లిపోయింది, ఆ రోజు నుంచి మీటరు పెట్టాల్సిన పెట్టె ఖాళీగా ఉంది.

విద్యుత్ సిబ్బంది వచ్చి కొలతలు చూసుకున్నారు. ఆరు స్తంభాలు, ఒక 25 కేవీఏ ట్రాన్స్‌ఫార్మర్ కావాలన్నారు. డెవలప్‌మెంట్ ఛార్జీలు, డిపాజిట్ కలుపుకుంటే మూడు లక్షల దాకా అవుతుందని ఎస్టిమేటు వేశారు. ఆ కాగితం పట్టుకుని మా కమిటీ మండల విద్యాశాఖ కార్యాలయానికి వెళ్లింది. భవనానికి మంజూరైన మొత్తంలో లోపలి వైరింగుకూ లోపలి పైపులకూ మాత్రమే డబ్బు ఉందని, గేటు బయటి పని స్థానిక సంస్థదని అక్కడ చెప్పారు. పంచాయతీకి వెళితే, "కట్టింది విద్యాశాఖ, తాళాలు విద్యాశాఖ దగ్గర, స్థలం చూసినప్పుడు మమ్మల్ని ఒక్క మాట అడగలేదు. ఇప్పుడు ఖర్చు మా మీద వేస్తే ఎక్కడి నుంచి తేవాలి?" అన్నారు. గ్రామసభలో విషయం ఎత్తాం. విద్యాశాఖను కోరాలని తీర్మానం రాశారు. విద్యాశాఖ నుంచి పంచాయతీని సంప్రదించాలని జవాబు వచ్చింది. ఆ రెండు కాగితాలూ బడి ఫైల్లో పక్కపక్కనే ఉన్నాయి.

ఈ తగాదాకు అసలు మూలం ఆ మూడు లక్షలు కాదు. సర్వీసు దరఖాస్తులో రాయవలసిన మొదటి విషయం వినియోగదారుడి పేరు. ఎవరి పేరు రాస్తే నెలనెలా బిల్లు వారి పేరునే వస్తుంది. బకాయి పడితే నోటీసు వారికే వస్తుంది. లైను ఖర్చు ఒకసారితో తీరిపోతుంది. బిల్లు మాత్రం ఆ భవనం నిలిచి ఉన్నన్నాళ్లూ వస్తూనే ఉంటుంది. అందుకే పంచాయతీ కార్యదర్శి ఒకసారి, "లైను వేయడానికి ఎలాగో చందాలైనా కూడగడదాం, పేరు మాత్రం మాది వద్దు" అన్నారు. విద్యాశాఖ వైపు నుంచి కూడా ఇంచుమించు అదే మాట విన్నాను. దరఖాస్తు నింపి సిద్ధంగా ఉంది. స్థలం కాగితం నకలు జత చేశాం. లోడు ఎంతో నేనే లెక్కగట్టి రాశాను. సంతకం చోటు ఒక్కటే ఖాళీ.

ఇందులో కరెంటు వాళ్లను తప్పుపట్టలేం. 2003 విద్యుత్ చట్టం 43వ సెక్షన్ ప్రకారం దరఖాస్తు అందిన నెలలోగా సరఫరా ఇవ్వాలి. కొత్తగా లైను వేయాల్సి వస్తే ఆ పని కాగానే ఇవ్వాలి. ఆ గడువు మొదలు కావాలంటే ముందు దరఖాస్తు వారికి చేరాలి కదా. మా దరఖాస్తు ఇంకా బడి బీరువా దాటలేదు.

రెండు పక్షాల భయాలకూ కారణాలున్నాయి, వాటిని దాచి రాస్తే అన్యాయం. బడి వైపు చూద్దాం. సమగ్ర శిక్ష పథకం కింద బడులకు ఏటా ఇచ్చే కాంపోజిట్ గ్రాంటు పిల్లల సంఖ్యను బట్టి ఉంటుంది. 101 నుంచి 250 మంది వరకు ఉన్న బడికి 50,000 రూపాయలు. సుద్దముక్కలు, రిజిస్టర్లు, విరిగిన బల్లల మరమ్మతు, చీపుర్లు, ఫినాయిలు అన్నీ అందులోనే. కనీసం పది శాతం పరిశుభ్రతకే ఖర్చు పెట్టాలన్న నియమం కూడా ఉంది. ఇక కరెంటు లెక్క. భవనంలో 28 ఫ్యాన్లు ఉన్నాయి. మామూలు ఫ్యాను 75 వాట్లు తీసుకుంటుంది. రోజుకు ఆరు గంటలు, నెలకు 24 పనిదినాలు తిరిగితే ఫ్యాన్లకే 300 యూనిట్లు. ఒకటిన్నర హెచ్‌పీ మోటారు రోజూ గంట ఆడినా, మబ్బు పట్టినప్పుడు లైట్లు వేసినా మరో 50. యూనిట్ ఏడు రూపాయలు అనుకుంటే నెలకు దాదాపు 2,450, స్థిర ఛార్జీలు వేరు. బడి నడిచే పది నెలలకు చూసుకుంటే గ్రాంటులో సగం కరెంటుకే పోతుంది. ప్రధానోపాధ్యాయురాలు ఈ లెక్క చూసి చాలాసేపు మాట్లాడలేదు. ఆవిడ భయం నాకు అర్థమైంది.

పంచాయతీ వైపు చూస్తే వీధిదీపాల బిల్లులు, మంచినీళ్ల మోటార్ల బిల్లులు వాళ్ల మెడకు ఇప్పటికే చుట్టుకుని ఉన్నాయి. కేంద్రం నుంచి పంచాయతీలకు వచ్చే ఆర్థిక సంఘం నిధులను పాత కరెంటు బకాయిల కింద జమ చేసుకున్నారని 2021లో రాష్ట్రమంతా సర్పంచులు ఆందోళనకు దిగిన సంగతి పాఠకులకు గుర్తుండే ఉంటుంది. ఒకసారి అలా దెబ్బతిన్న పంచాయతీ మరో మీటరు తన పేరున పెట్టుకోమంటే వెనక్కి తగ్గడంలో ఆశ్చర్యం లేదు.

అయినా నాకు కోపం వస్తుంది. ఈ భయాలన్నీ కాగితం మీద లెక్కగట్టి తేల్చుకోదగినవే. ఉదాహరణకు తక్కువ కరెంటుతో తిరిగే బీఎల్‌డీసీ రకం ఫ్యాన్లు పెడితే ఒక్కో దానికి 30 వాట్లు చాలు. అదే గాలి, అవే గంటలు, ఫ్యాన్ల ఖర్చు 300 యూనిట్ల నుంచి 120కి దిగుతుంది. నెల బిల్లు సగానికి సగం తగ్గుతుంది. టెండరులో మామూలు ఫ్యాన్లు రాశారు కనుక మేం అవే బిగించాం. బిల్లు కట్టబోయేవారు ఎవరో ముందే తెలిసి ఉంటే, ఆ టెండరు రాసేటప్పుడు వారు ఈ సంగతి అడిగి ఉండేవారు. బిల్లు ఎవరిదీ కానప్పుడు పొదుపు గురించి అడిగేవారూ ఉండరు. సౌర ఫలకలు పెట్టుకోవచ్చు కదా అని కొందరు పెద్దలు అంటున్నారు. మా ప్రాంతపు ఎండకు ఐదు కిలోవాట్ల ఫలకలు రోజుకు సుమారు 20 యూనిట్లు ఇస్తాయి, బడికి అవి చాలు. వేసవి సెలవుల్లో మిగిలిన కరెంటు లైనులోకి పంపి లెక్కలో కలుపుకోవచ్చు. కాని బ్యాటరీలు లేని ఆ ఇన్వర్టరు బయటి లైనులో కరెంటు ఉంటేనే పనిచేస్తుంది. లైను లేని చోట ఫలకలు పరిచినా ఫ్యాను తిరగదు. ముందు సర్వీసు రావాలి, తర్వాతే సౌర విద్యుత్తు.

నీళ్ల సంగతి ఇంతకన్నా బాధాకరం. ఆవరణలో బోరు వేశారు గాని నీళ్లు ఉప్పు. కాళ్లు కడుక్కోవడానికి, మరుగుదొడ్లకు పనికొస్తాయి. వాటిని తోడాలన్నా కరెంటు కావాలి. తాగడానికి మాత్రం పంచాయతీ నీళ్లే దిక్కు. హాస్టలు లేని బడుల్లో రోజుకు ఒక్కొక్కరికి 45 లీటర్ల నీళ్లు ఉండాలని భారతీయ ప్రమాణం. మా బడికి ఆ లెక్కన తొమ్మిది వేల లీటర్ల పైన కావాలి, అంటే ఐదు వేల లీటర్ల ట్యాంకర్లు రోజూ దాదాపు రెండు. ఇప్పుడు వస్తున్నవి ఇరవై లీటర్ల డబ్బాలు కొన్ని. వాటి డబ్బు కూడా ఉపాధ్యాయులు తలా కొంత వేసుకుని ఇస్తున్నారు. పిల్లలు ఇంటి నుంచి సీసాలు తెచ్చుకుంటారు, మధ్యాహ్నానికి అవి ఖాళీ అవుతాయి. మధ్యాహ్న భోజనం పాత బడి వంటగదిలోనే వండి ఆటోలో తెస్తున్నారు. వండే అక్కలకు ఆ మోత అదనపు చాకిరీ, దానికి వేరే కూలీ ఏమీ లేదు.

మరుగుదొడ్లకు తాళం వేసి ఉంది. నీళ్లు లేకుండా తెరిస్తే రెండు రోజుల్లో ఎవరూ అడుగుపెట్టలేని స్థితి వస్తుంది కనుక తాళం వేశారు, ప్రధానోపాధ్యాయురాలు చేసింది సరైన పనే. మగపిల్లలు చెరువు గట్టుకు పోతున్నారు. ఆడపిల్లలు ఇద్దరు ముగ్గురు కలిసి పాత బడికి నడిచి వెళ్లి వస్తారు. మధ్యలో లారీలు తిరిగే రోడ్డు దాటాలి. వెళ్లి వచ్చేసరికి ఒక పీరియడ్ అయిపోతుంది. పెద్ద తరగతుల అమ్మాయిలు కొందరు ఇంటి నుంచి బయలుదేరే ముందు నీళ్లు తాగడమే మానేశారని నా భార్య చెప్పింది. మా అమ్మాయి కూడా అంతే. నెలసరి రోజుల్లో బడికి రాని వాళ్లు పెరిగారు. ఇప్పుడు మిర్చి కోతల కాలం, తల్లులు తెల్లవారుజామునే పొలాలకు పోతారు. ఇంటి దగ్గర ఉండిపోయిన పిల్లను చూసుకునే మనిషి ఉండదు. ఈ విషయం తల్లిదండ్రుల సమావేశంలో ఒక తల్లి లేచి చెబుతుంటే అక్కడున్న మగవాళ్లం తలలు దించుకున్నాం. మినిట్స్ పుస్తకంలో మాత్రం "మరుగుదొడ్ల సమస్య చర్చించారు" అని ఒక్క వాక్యం రాశారు.

వాడిన నీళ్లు ఎటు పోవాలన్నది మూడో చిక్కు. మాది నల్లరేగడి. వానాకాలంలో పైన పోసిన నీళ్లే ఇంకవు, ఇంకుడు గుంత తవ్వితే ఏ నెలకో నిండి పొంగుతుంది. సెప్టిక్ ట్యాంకు నుంచి వచ్చే నీటిని పంచాయతీ సైడు కాలువలో కలపాలి. ఆ కాలువ బడి దాకా రావాలంటే ఇంకా రెండు వందల మీటర్లు కట్టాలి. ఇది ఎవరి పద్దులో రాయాలన్న మాట దగ్గర మళ్లీ అదే వాదన.

ఈ పరిస్థితిలో అడ్డదారులు సూచించేవాళ్లు ఎక్కువయ్యారు. మంచి మనసుతోనే చెబుతున్నారు గాని ప్రమాదం అంచనా వేయడం లేదు. పక్క పొలంలో రైతు మోటారు షెడ్డు ఉంది, అక్కడి నుంచి బడికి వైరు లాగమని నన్ను అడిగారు. వ్యవసాయానికి ప్రభుత్వం రోజుకు తొమ్మిది గంటలు ఉచితంగా ఇచ్చే కరెంటు అది. దాన్ని వేరే పనికి వాడితే నేరం, దొరికితే కేసు ఆ రైతు మీద పడుతుంది. పైగా పొలం గట్ల మీదుగా కర్రలకు కట్టి తెచ్చిన వైరు గాలికి తెగి తడి నేల మీద పడితే పిల్లల ప్రాణాలకు ఎవరు పూచీ? నేను ఒప్పుకోలేదు. దీనివల్ల కొందరు నా మీద కినుక వహించారు. నా చేతి మీదుగా బడిలోకి వెళ్లే కరెంటు మీటరు నుంచి, సరైన ఎర్తింగుతోనే వెళ్లాలి.

నీళ్ల విషయంలో కూడా ఇలాగే, చెరువు గట్టు దగ్గరి పైపుకు ప్లాస్టిక్ గొట్టం తగిలించి సైడు కాలువ పక్కనే పరిచి తీసుకెళదామన్నారు. 2018 మార్చిలో గుంటూరు నగరంలో తాగే నీళ్లలో మురుగు కలిసి అతిసారం ప్రబలింది. ఆసుపత్రులు నిండిపోయాయి, మనుషులు చనిపోయారు. అప్పుడు నేను ఆనందపేట ప్రాంతంలో ఒక ఇంటి వైరింగ్ పని మీద ఉన్నాను. నీళ్ల పైపూ మురుగు కాలువా ఒకదానికొకటి ఆనుకుని పోతే ఏమవుతుందో అప్పుడు కళ్లతో చూశాను. మా ఊరి పిల్లలకు అటువంటి గొట్టం నీళ్లు వద్దు. మంచినీళ్ల పైపు ఇంజినీర్లు గుర్తు పెట్టిన దారిలో, కాలువకు దూరంగా, తగినంత లోతులోనే రావాలి.

చట్టం ఏం చెబుతుందో తెలుసుకుందామని విద్యాహక్కు చట్టం ప్రతి సంపాదించి చదివాను. 2009లో చేసిన ఆ చట్టం 2010 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉంది. అందులో 8వ సెక్షన్ ప్రభుత్వ బాధ్యతలు చెబుతుంది, 9వ సెక్షన్ స్థానిక సంస్థ బాధ్యతలు చెబుతుంది. బడి భవనంతో సహా మౌలిక వసతులు కల్పించడమన్న బాధ్యత రెండు చోట్లా ఉంది. ఒకరి మీద వేసి మరొకరిని వదిలిపెట్టలేదు. చట్టం చివరి షెడ్యూలులో బడికి ఉండి తీరాల్సిన వాటి జాబితా ఉంది: పిల్లలందరికీ సరిపడా సురక్షితమైన తాగునీరు, ఆడపిల్లలకూ మగపిల్లలకూ వేరువేరు మరుగుదొడ్లు, భోజనం వండడానికి వంటగది. తాగునీరు, మరుగుదొడ్లు ఆరు నెలల్లోగా అన్ని బడుల్లోనూ ఉండాలని సుప్రీంకోర్టు 2012 అక్టోబరులో ఆదేశించింది కూడా. ఇద్దరికీ ఉన్న బాధ్యతను చూపించి ఇద్దరూ తప్పుకుంటున్నారంటే ఆ చట్టాన్ని తలకిందులుగా చదువుతున్నట్లు.

ఇంకొక సంగతి చాలామందికి తెలియదు. పై అధికారులు కంప్యూటర్‌లో చూసే వివరాల్లో మా బడికి కరెంటు ఉంది, కుళాయి ఉంది. ప్రభుత్వ లెక్కల్లో ఒక్కో బడిని గుర్తించడానికి ఇచ్చే యూడైస్ కోడ్ పాతదే కొనసాగుతోంది, పాత ఆవరణలో ఆ రెండూ ఉన్నాయి. బడులకూ అంగన్‌వాడీలకూ కుళాయి నీళ్లు ఇవ్వాలని జల్ జీవన్ మిషన్ కింద 2020 అక్టోబరు 2న వంద రోజుల కార్యక్రమం మొదలుపెట్టినప్పుడు పాత బడికి కుళాయి బిగించారు. కనుక "వసతి లేని బడులు" అన్న జాబితాలో మా పేరు రాదు. పిల్లలు కూర్చునే చోటు మారింది, వివరాలు మారలేదు. కొత్త స్థలంలోకి మారిన బడులన్నింటి వివరాలనూ జిల్లా అధికారులు ఒకసారి తిరిగి సరిచూడాలని మనవి. మా ఒక్క ఊరిలోనే ఇలా ఉందని నేను అనుకోవడం లేదు.

డబ్బు లేదన్న మాట నేను ఒప్పుకోను. పంచాయతీ మా దగ్గర ఇంటి పన్నుతో పాటు నీటి పన్ను వసూలు చేస్తుంది. 2021–26 కాలానికి 15వ ఆర్థిక సంఘం గ్రామీణ స్థానిక సంస్థలకు సిఫారసు చేసిన నిధుల్లో 60 శాతం తాగునీటికీ పారిశుద్ధ్యానికే ఖర్చు పెట్టాలి. బడి కుళాయి, బడి కాలువ అంతకన్నా ఏ పద్దు కిందికి వస్తాయి? ఇక విద్యాశాఖ. 2025లో, బడికి వెళ్లే పిల్లల తల్లులకు ప్రభుత్వం డబ్బు ఇచ్చే తల్లికి వందనం పథకం కింద నా భార్య ఖాతాలో 13,000 రూపాయలు పడ్డాయి. ఒక్కో బిడ్డకు కేటాయించిన 15,000లో మిగిలిన 2,000 బడి, మరుగుదొడ్ల నిర్వహణకు అని ప్రభుత్వం ప్రకటించింది. మేం దానికి అభ్యంతరం చెప్పలేదు, మంచి పనికే అనుకున్నాం. ఆ డబ్బులో మా పిల్లల వాటా ఈ మరుగుదొడ్ల తాళం తీయడానికి రావాలని అడిగే హక్కు మా ఊరి తల్లులకు ఉంది. నిర్వహణ నిధి వేరు, కనెక్షన్ ఖర్చు వేరు అని నాకు చెప్పవచ్చు. అయితే నెల బిల్లు నిర్వహణ కిందికే వస్తుంది కదా. తగాదా అంతా ఆ బిల్లు గురించే కదా.

అందుచేత నేను అడిగేది ఇది. కరెంటు సర్వీసు బడి పేరున, ప్రధానోపాధ్యాయురాలి హోదాలో తీసుకోవాలి. నెల బిల్లు విద్యాశాఖ భరిస్తుందని, దాన్ని కాంపోజిట్ గ్రాంటులోంచి కోయకుండా వేరుగా ఇస్తుందని లిఖితపూర్వకంగా చెప్పాలి. అప్పుడు ఆవిడ నిర్భయంగా సంతకం చేయగలరు. చెరువు గట్టు నుంచి మంచినీళ్ల పైపు, రెండు వందల మీటర్ల కాలువ పంచాయతీ తన నిధులతో వేయాలి, బడి దగ్గర నీటి పన్ను అడగకూడదు. స్తంభాలకూ ట్రాన్స్‌ఫార్మర్‌కూ అయ్యే మూడు లక్షల దగ్గర ఎవరి వాటా ఎంతో తేలకపోతే ముందు కలెక్టరు గారి స్థాయిలో డబ్బు కట్టించి పని చేయించాలి, తర్వాత రెండు శాఖలూ తమ పద్దుల్లో తీరిగ్గా సర్దుకోవచ్చు. ఏ జేబులోంచి తీసినా అది మా పన్నుల డబ్బే. పైగా ఆ లైను వస్తే దాని వెంట పంచాయతీ వీధిదీపాలు కూడా వేసుకోగలదు, చెరువు అవతల ఇళ్లు కట్టుకుంటున్న వాళ్లకూ సర్వీసులు దొరుకుతాయి. పంచాయతీ పెద్దలు ఈ మాట ఆలోచించాలి.

ఇకముందు కట్టబోయే బడుల కోసం కూడా ఒక మాట. పునాది తీయకముందే విద్యాశాఖ, స్థానిక సంస్థ, విద్యుత్, నీటి సరఫరా ఇంజినీర్లు ఆ స్థలంలో ఒకసారి నిలబడి లైను ఎంత దూరం, పైపు ఎంత దూరం, మురుగు ఎటు అన్నది కొలవాలి. ఆ ఖర్చు భవనం ఎస్టిమేటులోనే ఉండాలి. బిల్లు ఎవరి పేరున వస్తుందో కూడా ఆ రోజే రాసి సంతకాలు పెట్టాలి. ఇల్లు కట్టుకునే పేదవాడు కూడా మేస్త్రీతో మాట్లాడే ముందు నీళ్లు, కరెంటు ఎక్కడి నుంచి వస్తాయో చూసుకుంటాడు. పట్టణాల్లో ఈ చిక్కు ఇంకా ముదురుతుందని నా భయం. 2022లో పురపాలక పాఠశాలల పర్యవేక్షణను పాఠశాల విద్యాశాఖకు అప్పగించారు. పాఠాల బాధ్యత ఒకరి దగ్గర, స్థలం, నీళ్లు, కాలువలు మరొకరి దగ్గర ఉన్నప్పుడు రాతకోతలు ముందే స్పష్టంగా లేకపోతే ప్రతి మరమ్మతు దగ్గరా మా ఊరి కథే నడుస్తుంది. గుంటూరు, విజయవాడ వంటి నగరాల్లో తల్లిదండ్రుల కమిటీల వాళ్లు తమ బడి మీటరు ఎవరి పేరున ఉందో, చివరి బిల్లు ఎవరు కట్టారో ఒకసారి కనుక్కోవాలని కోరుతున్నాను.

సాధారణంగా మార్చి 15 నుంచి ఒంటిపూట బడులు మొదలవుతాయి. అప్పటికి గదుల్లో పదకొండు గంటలకే ఉక్క పట్టలేనంతగా ఉంటుంది. కాంక్రీటు స్లాబు కింద, గాలి లేకుండా, సీసాలో మిగిలిన గుక్కెడు నీళ్లతో పిల్లలు పరీక్షలకు తయారు కావాలి. స్తంభాలు పాతి లైను లాగడానికి విద్యుత్ సిబ్బందికి ఎక్కువ రోజులు పట్టదు. ఈ వారం సంతకం జరిగితే వేసవి సెలవులకు ముందే కరెంటు రావచ్చు. జరగకపోతే జూన్ 12న బడి తెరిచేనాటికీ ఇదే స్థితి ఉంటుంది, ఈలోగా పక్క ఊరి ప్రైవేటు బడి బస్సు మా వీధిలోకి వస్తుంది. ఇప్పటికే నాలుగు కుటుంబాలు దాని ఫీజు కనుక్కుని వచ్చాయి. అప్పు చేసి కట్టే ఫీజు అది.

మీ పత్రిక ద్వారా జిల్లా విద్యాశాఖాధికారి గారినీ జిల్లా పంచాయతీ అధికారి గారినీ ఒకే రోజు, ఒకే సమయానికి మా బడికి రమ్మని కోరుతున్నాను. విడివిడిగా వస్తే మళ్లీ రెండు కాగితాలు తయారవుతాయి. ఊరి పేరు, దరఖాస్తు నకలు, విద్యుత్ ఎస్టిమేటు, రెండు శాఖల ఉత్తరాలు మీ కార్యాలయానికి ఈ లేఖతో పాటు విడిగా పంపాను. ఆ అధికారులు అడిగితే మీరు ఇవ్వగలరు. లైను వచ్చిన రోజు మీటరు బోర్డు నుంచి గదులకు కలపవలసిన పని ఎంత ఉన్నా కూలీ తీసుకోకుండా నేను, నా దగ్గర పనిచేసే కుర్రాళ్లు పూర్తి చేసి ఇస్తాం.

ఇట్లు,
ఒక ఎలక్ట్రీషియన్,
పాఠశాల యాజమాన్య కమిటీ సభ్యుడు,
గుంటూరు జిల్లా